పార్‌ఫర్ పెట్టాక మ్యాట్‌ల్యాబ్ ఇంకా నెమ్మదించిందా?

విశాఖలో తుపాన్ల మీద, అలల మీద లెక్కలు కట్టే విద్యార్థులు నా దగ్గరికి తెచ్చే సమస్య దాదాపు ఎప్పుడూ ఒకటే: “మాస్టారూ, ఫర్ తీసేసి పార్‌ఫర్ పెట్టాను. ఎనిమిది కోర్లున్నాయి. అయినా ముందుకన్నా ఎక్కువ సేపు పడుతోంది.” మ్యాట్‌ల్యాబ్ అంటే లెక్కల ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్. అందులో ఫర్ లూప్ చుట్లను ఒకదాని తర్వాత ఒకటి నడిపితే, పార్‌ఫర్ వాటిని కోర్లకు పంచి ఒకేసారి నడుపుతుంది.

ముందు ఇది చూడండి

ప్రోగ్రామును రెండోసారి నడపండి. పూల్ (లూప్ పనిని పంచుకుని నడిపే వర్కర్ల గుంపు) తెరిచి లేకపోతే మొదటి పార్‌ఫర్ దాన్ని తెరుస్తుంది, ఆ సమయమంతా మీ టిక్-టాక్ (సమయం కొలిచే ఆదేశాలు) లెక్కలో కలుస్తుంది. పారలల్ కంప్యూటింగ్ టూల్‌బాక్స్ ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే పార్‌ఫర్ ఎర్రర్ చూపదు, మామూలు లూప్‌లా నడిచిపోతుంది. రెండు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి ప్రోగ్రాము మొత్తం తిరగరాసిన వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

లూప్ లోపల ఉన్నది పెద్ద మాట్రిక్స్ గుణకారమే అయితే లాభం ఆశించకండి. మామూలు ఫర్‌లోనే అది కోర్లన్నీ వాడుకుంటోంది.

పూల్ బాగానే ఉంది, మెమరీ మాత్రం నిండిపోతోంది

నన్ను బాగా ఏడిపించిన కారణం ఇదే. హుద్‌హుద్ లాంటి తుపాను దారులు వేలకొద్దీ సృష్టించి, ఒక్కో దారికి గాలి వేగం లెక్కగట్టే ప్రోగ్రాము అది. మాట్రిక్స్ ‘ఏ’లో 10,000 వరుసలు, 10,000 నిలువులు. ఒక్కో సంఖ్యకు 8 బైట్లు, అంటే 800 ఎంబీ. లూప్‌లో వరుసను ‘ఏ(క్రమం(ఐ), :)’ అని తీశాను. ‘క్రమం’ అంటే ఏ వరుస తర్వాత ఏది తీయాలో చెప్పే సంఖ్యల జాబితా. చూడటానికి ఏ తప్పూ లేదు, జవాబులూ సరిగ్గానే వచ్చాయి.

లూప్ సంఖ్య ‘ఐ’ నేరుగా సూచికగా ఉంటేనే మ్యాట్‌ల్యాబ్ మాట్రిక్స్‌ను ముక్కలు చేసి, ఎవరి వరుసలు వారికి పంపుతుంది. మధ్యలో ‘క్రమం’ దూరితే ఏ వర్కర్‌కు ఏ వరుస కావాలో దానికి ముందుగా తెలియదు. అందుకని మొత్తం మాట్రిక్స్‌ను ప్రతి వర్కర్‌కూ పంపేస్తుంది. ఎనిమిది మందికి 6.4 జీబీ. 8 జీబీ ల్యాప్‌టాప్ అక్కడే చతికిలబడుతుంది. ఎడిటర్ ఆ పేరు కింద గీత గీసి, ఇది బ్రాడ్‌కాస్ట్ వేరియబుల్ అని చెబుతూనే ఉంటుంది. ఆ గీతను దయచేసి పట్టించుకోండి. అనుమానముంటే లూప్‌కు ముందు టిక్‌బైట్స్, తర్వాత టాక్‌బైట్స్ పెడితే ఒక్కో వర్కర్‌కు ఎన్ని బైట్లు వెళ్లాయో పట్టిక వస్తుంది.

పరిష్కారం ఒక్క వాక్యం. లూప్‌కు ముందే ‘బి = ఏ(క్రమం, :)’ అని వరుసలు సర్దుకుని, లోపల ‘బి(ఐ, :)’ అని తీయండి. ప్రతి చుట్టుకూ మాట్రిక్స్ మొత్తం నిజంగానే కావాలంటే, అదే మాట్రిక్స్‌ను చాలా లూపుల్లో వాడుతుంటే, పారలల్ పూల్ కాన్‌స్టంట్‌లో పెట్టండి. ఒక్కసారే వెళుతుంది. అయితే ప్రతి వర్కర్ దగ్గరా ఒక కాపీ మాత్రం ఉంటుంది. మెమరీయే చాలని చోట థ్రెడ్స్ పూల్ తెరవండి. 2020 నుంచి ఉంది, వర్కర్లందరూ ఒకే మెమరీని పంచుకుంటారు. అన్ని ఫంక్షన్లూ అందులో నడవవు, ముందు చిన్న లూప్‌తో పరీక్షించండి.

పూల్ అసలు తెరుచుకోకపోతే క్లస్టర్ ప్రొఫైల్‌ను (పూల్ ఎక్కడ, ఎలా తెరవాలో చెప్పే సెట్టింగులు) వాలిడేట్ చేయండి, ఫైర్‌వాల్ చూడండి. ఇవి అరుదు.