పళ్ళ గార, చిగుళ్ళ లోతు: ఇంట్లో ఎలా చూసుకోవాలి, డాక్టర్ దగ్గర ఏం అడగాలి?

"రగతం ఎప్పుడూ వత్తాదమ్మా, అదేటీ కాదు. ముందీ గార తీసెయ్."

ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చిన ఒకావిడ కుర్చీలో కూర్చుంటూనే అన్న మాట ఇది. విశాఖలో పళ్ళు క్లీనింగ్ చేసే పనిలో ఉన్న నేను ఈ మాటనే రకరకాలుగా వింటూ ఉంటాను. మరక అందరికీ కనిపిస్తుంది కాబట్టి దాని గురించి టెన్షన్. రక్తం ఉమ్మేస్తే పోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ పన్నును కదిలించేది చిగురు కింద జరిగే పాడు. అందుకే ముందు మీ నోరు మీరే చూసుకోండి, ఆ తర్వాత డాక్టర్ని అంకెలు అడగండి.

ఇంట్లో చూసుకోవడం

ఉదయం బ్రష్ చేశాక పది నిమిషాలు తీరిక చేసుకోండి. అద్దం, సెల్‌ఫోన్ టార్చ్, కడుక్కున్న చెయ్యి చాలు. సర్జికల్ షాపుల్లో దొరికే పిడి ఉన్న చిన్న అద్దం ఉంటే ఇంకా మంచిది. నోట్లో పెట్టగానే దాని మీద ఆవిరి పడుతుంది. ముందుగా బుగ్గ లోపలి వైపు ఒకసారి రుద్దితే మసక పట్టదు. క్లినిక్‌లో మేం చేసేదీ అదే.

మొదట చిగుళ్ళు. మనలో చాలామందికి అవి పుట్టుకతోనే గోధుమ రంగులోనో నల్లగానో ఉంటాయి. ఒంటి రంగు లాంటిదే అది, జబ్బు కాదు. చూడాల్సింది అంచుని. ఆరోగ్యంగా ఉన్న చిగురు అంచు పలచగా పన్నుకు హత్తుకుని ఉంటుంది, పైన బత్తాయి తొక్క మీద ఉన్నట్టు సన్నటి గుంతలు కనిపించవచ్చు. పాడైన చిగురు ఉబ్బి, నున్నగా మెరుస్తుంది.

తర్వాత కింది ముందు పళ్ళ వెనక నాలుకతో తడమండి. లాలాజలం ఊరే చోటు అది, అందుకే గార ఎక్కువగా అక్కడే కడుతుంది. మెత్తగా, గోటికి వచ్చేది పాచి, బ్రష్‌తో పోతుంది. ఆ పాచిలోకి లాలాజలంలోని కాల్షియం చేరి రాయిలా గట్టిపడితే గార. దాన్ని ఏ పేస్టూ కరిగించలేదు. దయచేసి పిన్నీసుతో గీకకండి, ఆన్‌లైన్‌లో అమ్మే స్టీల్ కొక్కేలు కొనకండి. చిగురు తెగుతుంది, గీతలు పడ్డ పన్నుకి పాచి ఇంకా ఎక్కువ పడుతుంది. బొగ్గు, ఇటుక పొడి కూడా వద్దు. పైన ఉన్న తెల్లటి పొర అరిగిపోతే లోపలి పసుపు బయటపడుతుంది, తోమేకొద్దీ పన్ను ఇంకా పచ్చగా కనిపిస్తుంది.

చివరగా పళ్ళ సందుల్లో ఫ్లాస్ దారం మెల్లగా ఆడించండి. రోజూ శ్రద్ధగా తోముతున్నా రెండు వారాలు దాటి రక్తం వస్తూ ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. సిగరెట్, చుట్ట తాగేవాళ్ళు రక్తం రాలేదని నిశ్చింతగా ఉండకూడదు. పొగాకు రక్తనాళాలను బిగిస్తుంది, లోపల జబ్బున్నా రక్తం పెద్దగా కనిపించదు. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళు త్వరగా చెడతాయి, చెడిన చిగుళ్ళు షుగర్‌ని అదుపులోకి రానివ్వవు.

మరక ఎక్కడిది?

టీ, కాఫీ, కిళ్ళీ, ఖైనీల మరకలు పన్ను పైపైన, ఎక్కువగా చిగురు అంచునా సందుల్లోనూ పేరుకుంటాయి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్ వారాల తరబడి వాడితే గోధుమ రంగు, ఐరన్ సిరప్ తాగితే నలుపు. ఇవన్నీ క్లీనింగ్‌తో పోతాయి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద ఉండే సుద్ద రంగు, గోధుమ మచ్చలు పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడ్డవి. ఎంత గీకినా రావు, దానికి వేరే వైద్యం ఉంది. ఒక్క పన్ను మాత్రమే బూడిద రంగుకి మారితే, ఎప్పుడో తగిలిన దెబ్బకి లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చు. ఎక్స్‌రే తీయించండి.

మన ఉత్తరాంధ్ర తీరంలో ఇంకొకటి ఉంది. అడ్డపొగ. చుట్ట కాలే కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ళలో. మా అమ్మమ్మకీ ఉండేది. మరక ముందు పళ్ళకి లోపలి వైపు పడుతుంది, నవ్వితే కనిపించదు. అసలు భయం అంగిలితో. ఆ వేడికి అంగిలి తెల్లగా మందమెక్కుతుంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి, క్యాన్సర్‌గా మారవచ్చు. ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే ఈరోజే తల వెనక్కి వంచమని, టార్చ్ వేసి అంగిలి చూడండి. మచ్చో పుండో కనిపించిందా, ఆగకండి. విశాఖ కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో, రుషికొండ దగ్గరి గీతం డెంటల్ కాలేజీకో, సంగివలస అనిల్ నీరుకొండ కాలేజీకో ఆ వారంలోనే తీసుకెళ్ళండి.

డాక్టర్ దగ్గర

ట్రేలో అద్దం, పుచ్చు వెతికే కొక్కెం, వాటి పక్కన మొద్దు కొస, గీతలు ఉన్న సన్నటి పుల్ల ఉంటాయి. ఆ పుల్లని ప్రోబ్ అంటారు. పన్నుకీ చిగురుకీ మధ్య సందు ఎంత లోతుందో దానితో కొలుస్తారు, ఒక్కో పన్నుకి ఆరు చోట్ల. నొప్పి గురించి భయం వద్దు. పెట్టే బరువు ఇరవై, పాతిక గ్రాములే. గోరు కింద ఆనించినా నొప్పి పుట్టనంత మెల్లగా పెట్టాలని మాకు నేర్పిస్తారు.

"లోతు ఎంతుంది డాక్టర్ గారూ?" అని అడగండి, ఫోన్‌లో రాసుకోండి. 1 నుంచి 3 మిల్లీమీటర్లు, రక్తం లేకపోతే బాగున్నట్టు. 4 అయితే జాగ్రత్త మొదలుపెట్టాలి. 5, 6 అంటే బ్రష్, ఫ్లాస్ అందని గుంత. లోపల ఎముక ఎంత మిగిలిందో ఎక్స్‌రేలో తెలుస్తుంది. పన్ను కదులుతోందా అని వేలితో కాక రెండు పరికరాల పిడుల మధ్య పట్టి చూస్తారు. వేలి కండ మెత్తన, సన్నటి కదలిక తెలియదు.

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని చాలా ఇళ్ళలో నమ్మకం. నిజానికి ఎముక ముందే కరిగిపోయి, గారే పళ్ళని పట్టి ఉంచుతుంటుంది. అది తీశాక వదులు బయటపడుతుంది. వాపు తగ్గడంతో సందులూ కనిపిస్తాయి. లోతు ఎక్కువ ఉన్నచోట మత్తు ఇచ్చి, క్యూరెట్ అనే వంపు తిరిగిన పరికరంతో వేరు మీది గార తీస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ కొలిపించుకోవడం మర్చిపోకండి. చాలామంది ఆపేసేది ఇక్కడే.

హార్బర్ ఆవిడకి కింది దవడ పన్ను దగ్గర ప్రోబ్ పెడితే, దాని మీద మూడున్నర నుంచి ఐదున్నర మిల్లీమీటర్ల దాకా ఉండే నల్ల పట్టీ మొత్తం చిగురు కిందికి దిగిపోయింది. 6. వెనకే రక్తం చుక్క తేలింది. అద్దంలో చూపించాను, ఏమీ మాట్లాడలేదు. రెండు నెలల తర్వాత వచ్చి కుర్చీలో కూర్చోగానే, "ఈసారి ఎంతొచ్చిందో సెప్పమ్మా" అంది. పట్టీ సగానికి పైగా బయటే ఉంది. 4. రక్తం లేదు. మళ్ళీ మూడు నెలలకి రమ్మన్నాను.