స్టోమా బ్యాగ్‌తో ఈత: నాకు కుదిరిన పద్ధతి

ఇలియోస్టమీ (చిన్నపేగుని పొట్ట మీద చేసిన రంధ్రం, అంటే స్టోమా, దగ్గరికి తెచ్చే ఆపరేషన్; మలం అక్కడ అంటించిన బ్యాగ్‌లోకి వస్తుంది) అయ్యాక పూల్‌లో దిగితే ఇరవై నిమిషాలకే ప్లేట్ (బ్యాగ్‌ని చర్మానికి అంటించి ఉంచే భాగం) అంచు తెల్లగా ఉబ్బి మూల లేచొచ్చేది. ప్లాస్టిక్ కవర్ చుట్టడం, మామూలు టేపు, బెల్టు బిగించడం, అన్నీ అయ్యాయి, లాభం లేదు.

తేడా టైమింగ్‌లో ఉంది. కొత్తదైతే గట్టిగా ఉంటుందని ఈతకి అరగంట ముందే మార్చేవాణ్ణి, అంటుకోడానికి టైమే ఇవ్వలేదన్నమాట. ఇప్పుడు ముందురోజు రాత్రే మారుస్తున్నా, ఉత్తి నీళ్లతో కడిగి, నూనె క్రీము ఏదీ తగలకుండా, చర్మం పూర్తిగా ఆరాక ప్లేట్ అంటించి అరచెయ్యి వేడి తగిలేలా ఐదు నిమిషాలు నొక్కి పట్టుకుని కూర్చుంటా, టీవీ చూస్తూ. పొద్దున అంచు చుట్టూ నెలవంకల్లా ఉండే బారియర్ స్ట్రిప్స్ (అంటుకునే పట్టీలు) వేస్తా, సగం ప్లేట్ మీద సగం చర్మం మీద. దిగేముందు బ్యాగ్ ఖాళీ చేసి, గ్యాస్ బయటికి పోయే ఫిల్టర్ రంధ్రం మీద బ్యాగులతో పాటు వచ్చే బుల్లి స్టిక్కర్ వేస్తా, పైన నడుము ఎత్తుగా ఉండే షార్ట్స్. బయటికొచ్చాక ఆ స్టిక్కర్ పీకెయ్యండి, ఓసారి మర్చిపోయి బైక్ మీద ఇంటికొచ్చేసరికి బ్యాగ్ బూరెలా పొంగింది.

ఇప్పుడు గంటసేపు హాయిగా ఈదుతున్నా. నా పొట్ట చదునే. స్టోమా పక్కన మడతలు గానీ హెర్నియా గానీ ఉన్నవాళ్లకి ఇంతే పనిచేస్తుందని చెప్పలేను, మీ స్టోమా నర్సుని అడగండి. ముందు ఇంట్లోనే టబ్‌లో కాసేపు కూర్చుని చూసుకోండి.