పోస్ట్‌మ్యాన్‌లో వస్తోంది, బ్రౌజర్‌లో రావడం లేదు: సమస్య - పరిష్కారం

ఫ్రంటెండ్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదట్లో నేనూ అన్నాను. ఏపీఐ (ఇంకో సర్వీసు నుంచి డేటా అడిగే దారి) బాగానే ఉంది, కీ సరైనదే, ఏపీఐలను పరీక్షించే పోస్ట్‌మ్యాన్‌లో కొడితే డేటా చక్కగా వస్తుంది. అదే అడ్రస్‌ను పేజీలోంచి పిలిస్తే కన్సోల్ నిండా ఎర్ర అక్షరాలు. రేపే రిలీజ్ అంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ముందుగా ఒక అలవాటు చేసుకోండి. కన్సోల్‌లో కనిపించిన వాక్యం దగ్గరే ఆగిపోకుండా ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. రిక్వెస్ట్ అసలు బయల్దేరిందా? సర్వర్‌కు చేరిందా? జవాబు తిరిగి వచ్చిందా? వచ్చిన జవాబును మీ కోడ్ చదవగలిగిందా? ఈ నాలుగింటిలో ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే. ఉదాహరణకు గుంటూరు యార్డులో మిర్చి ధరలు ఒక సర్వీసు నుంచి, వాతావరణం ఇంకో సర్వీసు నుంచి తెచ్చి రైతుకు ఒకే చోట చూపించే పేజీ ఒకటి ఉందనుకుందాం. కింది సమస్యలను ఆ పేజీలోనే ఊహించుకోండి.

సమస్య: "కోర్స్ పాలసీ అడ్డుకుంది" అని ఎర్రగా వస్తోంది

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, అన్నిటికన్నా తప్పుగా అర్థమయ్యేది ఇదే. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం. కోర్స్ (CORS) అంటే ఒక చోటి పేజీ వేరే చోటి సర్వర్ జవాబును చదవొచ్చా అన్నది తేల్చే నియమం.

బ్రౌజర్ దృష్టిలో ఒక ఆరిజిన్ అంటే మూడు కలిసినది: హెచ్‌టీటీపీనా హెచ్‌టీటీపీఎస్‌నా అన్నది, హోస్ట్ పేరు, పోర్ట్. ఏ ఒక్కటి మారినా అది వేరే ఆరిజిన్. మీ ల్యాప్‌టాప్‌లో లోకల్‌హోస్ట్ 3000 మీద నడిచే పేజీకి లోకల్‌హోస్ట్ 5000 కూడా పరాయిదే. పరాయి సర్వర్ ఇచ్చిన జవాబును మీ జావాస్క్రిప్ట్ చదవాలంటే ఆ సర్వరే "ఈ ఆరిజిన్‌కు ఇవ్వొచ్చు" అని యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ అనే హెడర్‌లో (జవాబుతోపాటు వచ్చే సమాచార వరుసలో) చెప్పాలి. చెప్పకపోతే జవాబు బ్రౌజర్ దాకా వచ్చినా మీ కోడ్ చేతికి అందదు.

ఇది బ్రౌజర్ మొండితనం కాదు. బ్రౌజర్‌లో పక్క ట్యాబ్‌లో మనిషి తన బ్యాంకులో లాగిన్ అయి ఉండొచ్చు. ఏదో ఒక పేజీ అతని కుకీలతో బ్యాంకు సర్వర్‌ను పిలిచి జవాబు చదివేస్తే ఏమవుతుంది? ఆ ప్రమాదం పోస్ట్‌మ్యాన్‌కు లేదు, కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్ పంపే కర్ల్‌కు లేదు. అందుకే వాటికి ఈ తనిఖీ లేదు. ఫ్లాష్ రోజుల్లోనూ ఇదే అవసరం ఉండేది, అప్పుడు సర్వర్‌లో క్రాస్‌డొమైన్ ఫైలు ఒకటి పెట్టేవారు. కోర్స్‌ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2014 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది.

కాబట్టి పరిష్కారం సర్వర్ వైపు ఉంటుంది. సర్వర్ మీదే అయితే మీ సైట్ ఆరిజిన్‌ను అక్షరం తప్పకుండా ఆ హెడర్‌లో ఇవ్వండి. చివర స్లాష్ పెడితే సరిపోలదు, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. అడిగిన ఆరిజిన్‌ను బట్టి హెడర్ మారుస్తుంటే వేరీ హెడర్‌లో ఆరిజిన్ అని చేర్చండి. లేకపోతే మధ్యలో జవాబులను దాచిపెట్టుకునే క్యాష్ ఒకరికి ఇచ్చిన జవాబును ఇంకొకరికి అందిస్తుంది. అప్పుడు ఒకరి దగ్గర పనిచేసి ఇంకొకరి దగ్గర పనిచేయదు. హెడర్‌ను అప్లికేషన్ ముందు ఉండే వెబ్ సర్వర్ ఎంజినిక్స్‌లో ఒకసారి, అప్లికేషన్‌లో ఒకసారి పెట్టినా తప్పే. రెండు విలువలు కనిపిస్తే బ్రౌజర్ ఒప్పుకోదు. ఒక్కచోటే పెట్టండి.

సర్వర్ మీది కాకపోతే మీ సొంత సర్వర్‌లో చిన్న ప్రాక్సీ రాయండి. పేజీ మీ సర్వర్‌ను అడుగుతుంది, మీ సర్వర్ బయటి సర్వీసును అడుగుతుంది. దీనివల్ల ఇంకో పెద్ద మేలుంది: ఏపీఐ కీ బ్రౌజర్ దాకా రాదు. జావాస్క్రిప్ట్‌లో రాసిన కీ ఎంత దాచినా నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచిన ప్రతి ఒక్కరికీ కనిపిస్తుంది. డబ్బు కట్టి తీసుకున్న కీ అయితే దయచేసి పేజీలో పెట్టకండి.

మూడు పనులు మాత్రం చేయకండి. రిక్వెస్ట్ పంపే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ ఫెచ్‌లో నో-కోర్స్ మోడ్ పెడితే ఎర్ర అక్షరాలు పోతాయి. కానీ చేతికొచ్చేది లోపలికి చూడలేని జవాబు, దాని స్టేటస్ 0, అందులో ఏముందో చదవలేరు. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే మీ కంప్యూటర్‌లో మాత్రమే పనిచేస్తుంది. సెక్యూరిటీ ఆపేసి క్రోమ్ తెరిస్తే, ఆ కిటికీలోనే మర్చిపోయి మీ మెయిల్ తెరిచే రోజు ఒకటి వస్తుంది.

సమస్య: నిన్నటిదాకా పనిచేసింది, ఈరోజు కోర్స్ అంటోంది

ఇది నన్ను రెండు రోజులు తిప్పింది. ఒక క్లయింట్ పేజీలో కొన్ని రిపోర్టులు వచ్చేవి, కొన్నిటికి కోర్స్ తప్పు పడేది. హెడర్లు మార్చి మార్చి చూశాం. చివరికి సర్వర్ లాగ్ తెరిస్తే అసలు సంగతి తెలిసింది: ఆ కొన్ని రిపోర్టులకు సర్వర్ 500 (సర్వర్ లోపలి తప్పు) ఇస్తోంది. ఎంజినిక్స్‌లో యాడ్-హెడర్ అనే ఆదేశం 200, 204, 301 లాంటి కొన్ని స్టేటస్‌లకే హెడర్ చేరుస్తుంది. 500 వచ్చినప్పుడు చేర్చదు. హెడర్ లేదు కాబట్టి బ్రౌజర్ కోర్స్ అంది, అసలు తప్పు దాని వెనక దాక్కుంది. ఆ ఆదేశం చివర ఆల్వేస్ అని చేరిస్తే తప్పులకూ హెడర్ వెళ్తుంది, అప్పుడు నిజమైన తప్పు మీకు కనిపిస్తుంది. ఏమీ మార్చకుండానే కోర్స్ మొదలైతే ముందు సర్వర్ లాగ్ చూడండి.

సమస్య: గెట్ వస్తోంది, పోస్ట్ రావడం లేదు

నెట్‌వర్క్ ట్యాబ్‌లో పోస్ట్‌కు ముందు ఆప్షన్స్ అనే రిక్వెస్ట్ ఒకటి కనిపిస్తుంది. దాన్నే ప్రీఫ్లైట్ అంటారు. మీరు జేసన్ కంటెంట్ టైప్‌తో పంపినా, ఆథరైజేషన్ లాంటి హెడర్ చేర్చినా, పుట్, డిలీట్ వాడినా బ్రౌజర్ ముందుగా "ఇలా పంపొచ్చా" అని సర్వర్‌ను అడుగుతుంది.

ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు ఇది. ప్రీఫ్లైట్‌లో కుకీ ఉండదు, టోకెన్ ఉండదు. మీ సర్వర్‌లో లాగిన్ తనిఖీ అన్నిటికన్నా ముందు ఉంటే ఆప్షన్స్‌కే 401 (లాగిన్ కాలేదు) ఇచ్చేస్తుంది, అసలు రిక్వెస్ట్ బయల్దేరనే బయల్దేరదు. కోర్స్ తనిఖీని లాగిన్ తనిఖీ కన్నా ముందుకు జరపండి. ఇంకొకటి, ప్రీఫ్లైట్‌కు రీడైరెక్ట్ పనికిరాదు. అడ్రస్ చివర స్లాష్ లేదని సర్వర్ ఇంకో అడ్రస్‌కు మళ్లించినా, హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించినా అక్కడే ఆగిపోతుంది. చివరి అడ్రస్‌నే కోడ్‌లో రాయండి.

ప్రతి పోస్ట్‌కూ రెండు రిక్వెస్టులు వెళ్తున్నాయని బాధ ఉంటే, ప్రీఫ్లైట్ జవాబును ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవాలో చెప్పే యాక్సెస్-కంట్రోల్-మ్యాక్స్-ఏజ్ హెడర్ పెట్టండి. మీరెంత పెద్ద సంఖ్య ఇచ్చినా క్రోమ్ 7200 సెకన్లకు, ఫైర్‌ఫాక్స్ 86400 సెకన్లకు మించి గుర్తుపెట్టుకోవు.

సమస్య: లోకల్‌లో బాగుంది, సర్వర్‌లో పెడితే రిక్వెస్టే వెళ్లడం లేదు

పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండి బయటి సర్వీసు హెచ్‌టీటీపీ మీద ఉంటే బ్రౌజర్ ఆపేస్తుంది. ఆ సర్వీసుకు హెచ్‌టీటీపీఎస్ అడ్రస్ ఉందేమో చూడండి, లేకపోతే ప్రాక్సీయే దారి. ఒక్కరి దగ్గరే ఆగుతుంటే యాడ్ బ్లాకర్ చూడండి. అడ్రస్‌లో యాడ్స్, ట్రాకింగ్ లాంటి మాటలు ఉంటే అవి అడ్డుకుంటాయి.

సమస్య: లాగిన్ అయ్యాను, అయినా 401

వేరే ఆరిజిన్‌కు ఫెచ్ తనంతట తాను కుకీలు పంపదు. క్రెడెన్షియల్స్‌కు ఇన్‌క్లూడ్ అని చెప్పాలి. అప్పుడు సర్వర్ నక్షత్రం గుర్తు పెట్టి అందరికీ అనుమతి అంటే చెల్లదు, ఆరిజిన్ పేరు స్పష్టంగా రాయాలి, అలౌ-క్రెడెన్షియల్స్ హెడర్ కూడా ఇవ్వాలి.

ఇంత చేసినా కుకీ వెళ్లకపోతే సేమ్‌సైట్ (వేరే సైట్ నుంచి కుకీ వెళ్లొచ్చా అన్నది చెప్పే సెట్టింగ్) సంగతి చూడండి. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80తో మొదలై, సేమ్‌సైట్ చెప్పని కుకీని లాక్స్‌గా చూస్తున్నారు. వేరే సైట్ నుంచి ఫెచ్ చేస్తే అది వెళ్లదు. సేమ్‌సైట్‌కు నన్ అని పెట్టి సెక్యూర్ చేర్చితే క్రోమ్‌లో వెళ్తుంది. సఫారీ మాత్రం 2020 మార్చి నుంచి మూడో పక్షం కుకీలను పూర్తిగా ఆపేసింది. అందుకే ఐఫోన్ ఉన్నవాళ్ల దగ్గర నుంచే ఫిర్యాదులు వస్తాయి. నా సలహా, ఏపీఐని మీ డొమైన్ కిందే సబ్‌డొమైన్‌గా పెట్టండి. ఆరిజిన్ వేరైనా సైట్ ఒకటే అవుతుంది, ఈ గొడవంతా తప్పుతుంది.

సమస్య: "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్" అని, పక్కన కోణం గుర్తు

జేసన్ రావాల్సిన చోట హెచ్‌టీఎంఎల్ పేజీ వచ్చింది. ఆ కోణం గుర్తు (<) దాని మొదటి అక్షరం. లాగిన్ గడువు ముగిసి లాగిన్ పేజీకి మళ్లించి ఉంటుంది, లేదా అడ్రస్ తప్పయితే మీ సర్వర్ తన హోమ్ పేజీనే 200తో ఇచ్చి ఉంటుంది. రెస్పాన్స్ ట్యాబ్‌లో చూస్తే వెంటనే తెలుస్తుంది.

దీనితోపాటే ఇంకో మాట. ఫెచ్‌కు 404 అయినా 500 అయినా తప్పు కాదు, జవాబు వచ్చింది కదా అనుకుంటుంది. క్యాచ్‌లోకి వెళ్లేది నెట్‌వర్క్ తెగినప్పుడూ, కోర్స్ ఆపినప్పుడూ. కాబట్టి జేసన్‌గా మార్చే ముందు రెస్పాన్స్ ఓకే అవునా కాదా అన్నది ప్రతిసారీ చూడండి. అది 200 నుంచి 299 వరకే నిజం.

సమస్య: తెలుగు అక్షరాలు పాడైపోయాయి

మనకు ఇది తరచుగా ఎదురవుతుంది. ఎలా పాడయ్యాయో చూస్తే ఎక్కడ పాడయ్యాయో చెప్పొచ్చు. అక్షరాల స్థానంలో వట్టి ప్రశ్నార్థకాలు వస్తే డేటాబేస్‌లో దాచేటప్పుడే పోయాయి, పట్టికలో లాటిన్ అక్షరాల సెట్ ఉండి ఉంటుంది. వాటిని బ్రౌజర్‌లో బాగుచేయలేం. తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్8ఎంబీ4కు మార్చి డేటాను మళ్లీ ఎక్కించాలి. తల మీద గీత ఉన్న లాటిన్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు వరుసగా వస్తే సర్వర్ వైపు ఎవరో యూటీఎఫ్8 బైట్లను లాటిన్‌గా చదివి మళ్లీ రాశారు. డేటా ఇంకా ఉంది, ఆ మెట్టు సరిచేస్తే చాలు.

నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తే మీ ప్రాక్సీని అనుమానించండి. యూటీఎఫ్8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ 3 బైట్లు. డేటా ముక్కలుగా వచ్చేటప్పుడు ముక్క సరిగ్గా అక్షరం మధ్యలో తెగితే, ప్రతి ముక్కనూ విడిగా టెక్స్ట్‌గా మార్చే కోడ్ ఆ అక్షరాన్ని పాడుచేస్తుంది. ఇంగ్లిష్‌లో టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. టెక్స్ట్‌డీకోడర్‌కు స్ట్రీమ్ అని చెప్పండి, లేదా ముక్కలన్నీ కలిపాక ఒకేసారి మార్చండి.

వెతుకులాట పదాన్ని అడ్రస్‌లో పెట్టేటప్పుడు ఎన్‌కోడ్ చేయడం మరవకండి. "మిర్చి" అనే చిన్న మాటలో 6 సంకేతాలు, 18 బైట్లు. అడ్రస్‌లో అది 54 అక్షరాలవుతుంది. పొడవైన తెలుగు వాక్యాలు పంపాలంటే పోస్ట్ వాడండి.

సమస్య: తేదీ ఒక రోజు వెనక్కి, నంబర్ చివరి అంకెలు మారి

2024-03-05 అని తేదీ మాత్రమే వస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాద్‌లో అది అదే రోజు ఉదయం 5:30, కాబట్టి మనకేమీ తేడా తెలియదు. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లు అదే పేజీ తెరిస్తే మార్చి 4 సాయంత్రం 6. ధర తేదీ తప్పు కనిపిస్తుంది. తేదీ మాత్రమే కావలసిన చోట దాన్ని టెక్స్ట్‌గానే ఉంచి, సంవత్సరం, నెల, రోజు విడదీసి చూపించండి.

నంబర్ల సంగతి, 9007199254740991 దాటిన పూర్ణాంకాన్ని జావాస్క్రిప్ట్ కచ్చితంగా పట్టుకోలేదు. ఐడీలను సర్వర్ నుంచే స్ట్రింగ్‌గా పంపించండి. ట్విటర్ తన ఏపీఐలో ఐడీని స్ట్రింగ్‌గా కూడా ఇచ్చింది ఇందుకే.

సమస్య: వెతికింది ఒకటి, చూపించింది ఇంకొకటి

టైప్ చేస్తున్నప్పుడు ప్రతి అక్షరానికీ రిక్వెస్ట్ వెళ్తే, ముందు అడిగినదానికి జవాబు ఆలస్యంగా వచ్చి కొత్త జవాబును చెరిపేస్తుంది. అబార్ట్‌కంట్రోలర్‌తో పాత రిక్వెస్ట్‌ను రద్దు చేయండి, టైపింగ్ ఆగాక 300 మిల్లీసెకన్లు ఆగి అడగండి. 429 (మరీ ఎక్కువ రిక్వెస్టులు) రావడం కూడా తగ్గుతుంది. 429 వస్తే ఎంతసేపు ఆగాలో రిట్రై-ఆఫ్టర్ హెడర్ చెబుతుంది. అయితే వేరే ఆరిజిన్ నుంచి వచ్చిన ఆ హెడర్‌ను మీ కోడ్ చదవాలంటే సర్వర్ ఎక్స్‌పోజ్-హెడర్స్‌లో దాని పేరు చెప్పి ఉండాలి.

ఇవన్నీ చూశాక కూడా సర్వర్ టీమ్ "మా దగ్గర పనిచేస్తోంది" అంటే, వాళ్లు కర్ల్‌లో ఆరిజిన్ హెడర్ లేకుండా చూస్తున్నారేమో అడగండి. మీ సైట్ ఆరిజిన్ పెట్టి ఒకసారి గెట్, ఒకసారి ఆప్షన్స్ కొట్టి జవాబు హెడర్లు చూడమనండి. రిక్వెస్ట్ వెళ్లిన సమయం, స్టేటస్ కూడా రాసి పంపండి. నెట్‌వర్క్ ట్యాబ్ నుంచి హార్ ఫైలు (రిక్వెస్టులన్నిటి రికార్డు) పంపాల్సి వస్తే, అందులో మీ కుకీలు, టోకెన్లు ఉన్నాయేమో చూసి తీసేశాకే పంపండి.