విరాళంగా వచ్చిన సర్వర్‌తో ప్యాకేజీ బిల్డ్ – 3వ పాఠం: ర్యామ్ ఎంత, ఎలాంటిది?

కిందటి పాఠంలో కోర్లు లెక్కపెట్టాం. వాటికి తగ్గ ర్యామ్ ఉందా అన్నది ఈ పాఠం. 32 కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ కాగితం మీద ఘనంగానే కనిపిస్తుంది. బిల్డ్‌కు, అంటే సోర్స్ కోడ్‌ను ప్యాకేజీలుగా మార్చే పనికి పెట్టాకే ఇబ్బంది బయటపడుతుంది.

సీ భాషలో రాసిన చిన్న ప్యాకేజీలకు ఆ 16 జీబీ చాలు. టెంప్లేట్లు (రకరకాల డేటాకు కోడ్ తయారుచేసే అచ్చులు) దట్టంగా ఉన్న సీ ప్లస్ ప్లస్ ఫైలు మాత్రం ఒక్కటే 1 నుంచి 2 జీబీ లాగేస్తుంది. అలాంటివి 32 ఒకేసారి నడిస్తే 64 జీబీ దాకా కావాలి. అంత లేకపోతే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ఏదో ఒక కంపైలర్ ప్రాసెస్‌ను, అంటే కోడ్‌ను యంత్రభాషలోకి మారుస్తున్న ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. బిల్డ్ లాగ్‌లో ‘కిల్డ్’ అన్న మాట కనిపిస్తే కోడ్‌లో తప్పు వెతకకండి, కెర్నెల్ లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ ఉందేమో చూడండి.

స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగం) పెంచితే ప్రాసెస్ చావకపోవచ్చు, కానీ పని నత్తనడక నడుస్తుంది. ఎస్‌బిల్డ్‌లాంటి డెబియన్ ప్యాకేజీ బిల్డ్ సాధనాలు చాలాసేపు లాగ్ కదలకపోతే బిల్డ్‌నే ఆపేస్తాయి. అందుకే ర్యామ్ జీబీలను 2తో భాగించి, ఒకేసారి నడిపేందుకు వచ్చినన్ని పనులే మేక్‌కు (కంపైల్ పనులను వరుసగా నడిపే సాధనానికి) ఇవ్వండి. 16 జీబీకి 8. మిగతా కోర్లు ఖాళీగా ఉన్నా నష్టం లేదు. ఎల్ఎల్‌వీఎం (కంపైలర్ల తయారీకి వాడే పెద్ద ప్రాజెక్టు) వంటి వాటికి లింకింగ్ దశ, అంటే కంపైల్ అయిన ముక్కలను ఒక ప్రోగ్రామ్‌గా కలిపే దశ ఇంకా బరువు. దాని సీమేక్‌ (బిల్డ్‌ను అమర్చే సాధనం) సెట్టింగుల్లో లింక్ పనుల సంఖ్యను విడిగా తగ్గించే వీలుంది, 1 లేదా 2 పెట్టండి.

ఇక ఈసీసీ, అంటే ర్యామ్‌లో బిట్ తప్పులను పట్టి సరిదిద్దే ఏర్పాటు. దీని దగ్గర మాత్రం రాజీ పడకూడదు. ర్యామ్‌లో ఒక బిట్ తారుమారై కంపైలర్ కూలిపోతే మనకు తెలుస్తుంది. కూలకుండా ఆ తప్పు ప్యాకేజీలోకి చేరితే, దానికి సంతకం పడి అందరి యంత్రాలకూ వెళ్తుంది. డీఎంఐడీకోడ్‌ (హార్డ్‌వేర్ వివరాలు చూపే లినక్స్ కమాండ్) తో మెమరీ వివరాలు తీయండి. డీడీఆర్4 రకం ర్యామ్ స్టిక్‌కు ‘టోటల్ విడ్త్’ 72, ‘డేటా విడ్త్’ 64 ఉంటే ఈసీసీ ఉన్నట్టే, రెండూ 64 అయితే లేనట్టు. డీడీఆర్5 చిప్‌ల లోపల జరిగే సవరణను చూసి ఈసీసీ అనుకోవద్దు, అది చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారిని కాపాడదు.

సర్వర్ చేతికి రాగానే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ను ఒక రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపినా వదలొద్దు. అనుమానం ఉన్న స్టిక్‌ను మరో స్లాట్‌లోకి మార్చి మళ్లీ నడపండి. తప్పు స్టిక్ వెంట వెళ్తే ఆ స్టిక్ పోయినట్టే, పాత స్లాట్‌లోనే ఉండిపోతే అనుమానం బోర్డు మీదికి, ప్రాసెసర్ మీదికి మళ్లాలి. బిల్డ్‌లో కూడా ఒక గుర్తుంది: ఒకే ప్యాకేజీలో కంపైలర్ ప్రతిసారీ వేరే ఫైలు దగ్గర కూలుతుంటే, ముందు ర్యామ్‌నే అనుమానించండి.

అభ్యాసం: మీ పెద్ద ప్యాకేజీ ఒకదాన్ని గ్నూ టైమ్ (ప్రోగ్రామ్ వాడిన సమయం, ర్యామ్ చూపే కమాండ్) వివరాల ఆప్షన్‌తో బిల్డ్ చేసి, ‘మాగ్జిమమ్ రెసిడెంట్ సెట్ సైజ్’ రాసుకోండి. అది కిలోబైట్లలో ఉంటుంది. బిల్డ్ మొత్తానికి పట్టిన ర్యామ్ కాదది, అన్నిటికన్నా పెద్ద ఒక్క ప్రాసెస్‌కు పట్టింది. ఆ అంకెను పనుల సంఖ్యతో హెచ్చించి, మీ ర్యామ్‌తో పోల్చండి. వచ్చే పాఠం డిస్క్‌ల గురించి.