థండర్‌బోల్ట్ నెట్‌వర్క్ నెమ్మదిస్తే ఎక్కడ వెతకాలి?

శ్రీకాకుళంలోని ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబ్ కోసం మూడు చిన్న సర్వర్లలో వర్చువల్ మెషీన్లను (ఒకే సర్వర్ లోపల విడివిడిగా నడిచే కంప్యూటర్లను) నడిపే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, 10 గిగాబిట్ల స్విచ్ ఖర్చు లేకుండా వాటిని థండర్‌బోల్ట్ 4 అనే వేగవంతమైన కేబుళ్లతో వలయంగా కలిపాము. కేబుల్ సామర్థ్యం సెకనుకు 40 గిగాబిట్లయినా, ఒక వర్చువల్ మెషీన్‌ను పక్క సర్వర్‌కు తరలించడానికి చాలాసేపు పట్టేది. ఇటువంటప్పుడు కేబుల్ మార్చకముందే నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 అనే సాధనంతో రెండు దిశలలోనూ వేగం కొలవాలి. కారణం ఎక్కడుందో చాలావరకు ఆ అంకెలోనే తెలుస్తుంది.

వేగం 940 మెగాబిట్ల దగ్గర ఆగితే థండర్‌బోల్ట్‌లో లోపమేమీ లేదు. డేటా మామూలు 1 గిగాబిట్ ఈథర్‌నెట్ దారినే వెళుతోంది. సర్వర్ పేరు ఏ ఐపీ చిరునామాకు ముడిపడి ఉందో సరిచూసి, థండర్‌బోల్ట్ చిరునామాతోనే మళ్లీ కొలవాలి.

కొలత బాగుండి తరలింపు మాత్రమే నెమ్మదిగా ఉంటే మైగ్రేషన్ సెట్టింగ్స్ చూడాలి. ప్రాక్స్‌మాక్స్ సాధారణంగా ఈ డేటాను ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత మార్గం ద్వారా గుప్తీకరించి పంపుతుంది కనుక వేగానికి ప్రాసెసర్ శక్తే హద్దవుతుంది. ఆ సెట్టింగ్స్‌లో థండర్‌బోల్ట్ నెట్‌వర్క్‌ను ఎంచుకోవాలి. గుప్తీకరణ తీసివేయడం మాత్రం ఆ కేబుళ్ల మీద బయటివారెవరూ లేరని రూఢి అయ్యాకే చేయాలి.

మమ్మల్ని ఎక్కువగా వేధించింది మూడో రకం: ఒక దిశలో మంచి వేగం, ఎదురు దిశలో అందులో సగం, పైగా రీట్రాన్స్‌మిట్లు (పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపడాలు) వేలల్లో. ఇంటెల్ 12, 13 తరాల ప్రాసెసర్లలో చాలావాటిలో వేగవంతమైన పీ-కోర్లతోపాటు పొదుపైన ఈ-కోర్లు కూడా ఉంటాయి. థండర్‌బోల్ట్ ఇంటరప్ట్‌లు (డేటా వచ్చిందని ప్రాసెసర్‌కు పంపే సంకేతాలు) ఈ-కోర్ మీద పడితే, వచ్చే ప్యాకెట్లను అది అందుకోలేకపోతుంది. పరీక్ష నడుస్తుండగా కెర్నెల్ ఇంటరప్ట్ పట్టికను గమనిస్తే ఏ కోర్ లెక్క పెరుగుతోందో కనిపిస్తుంది. ఆ ఇంటరప్ట్‌లను పీ-కోర్లకు కట్టివేయాలి. ఈ మార్పు రీబూట్‌తో పోతుంది కాబట్టి బూట్ సమయంలోనే నడిచే స్క్రిప్ట్‌లో పెట్టాలి. ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) రెండు చివర్లా 65520గా ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి.

ఇవన్నీ సరిగా ఉన్నాక కేబుల్‌ను అనుమానించవచ్చు. లినక్స్‌లోని థండర్‌బోల్ట్ పరికర వివరాలలో ఒక్కో లేన్‌కు (కేబుల్‌లోని డేటా దారికి) 20 గిగాబిట్లు, మొత్తం 2 లేన్లు కనిపించాలి. అంతకు తగ్గితే పొట్టిదైన, ధ్రువీకరణ పొందిన కేబుల్ వేయాలి.

కరెంటు పోయి వచ్చాక మాత్రమే మందగిస్తే మాత్రం కేబుల్‌ను నిందించకూడదు. సర్వర్లు తలో సమయానికి లేవడం వలన ఒక ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కనెక్షన్) చిరునామా లేకుండా మిగిలిపోతుంది, రూటింగ్ మూడో సర్వర్ మీదుగా చుట్టూ తిరుగుతుంది. డేటా వెళ్లే దారిని చూపే ట్రేస్‌రూట్‌లో ఒక మజిలీ అదనంగా కనిపించడమే దీనికి ఆనవాలు. కేబుల్ గుర్తింపు జరగగానే ఇంటర్‌ఫేస్‌ను లేపే యూడెవ్ (లినక్స్‌లో పరికరాలను గుర్తించే వ్యవస్థ) నియమం రాసి, సర్వర్లను ఒక్కొక్కటిగా రీబూట్ చేసి పరీక్షించాలి.