ఆర్టీమియా పిల్లలు రావట్లేదా? ముందు సీసా వైపు చూడండి

గప్పీ చేపలకో ఫైటర్ చేపలకో పిల్లలు పుట్టాయని, వాటికి మేతగా వేసే ఆర్టీమియా (ఉప్పునీళ్ళలో బతికే, రొయ్యజాతికి చెందిన బుల్లి జీవి) గుడ్లు ఉత్సాహంగా తెచ్చి, రెండుసార్లు నానబెట్టి, రెండుసార్లూ ఏమీ రాకపోతే ఎవరైనా అనేమాట ఒకటే: "గుడ్లు డూప్లికేట్‌వి ఇచ్చేశాడు". నేనూ అన్నాను. విజయనగరంలో నేను కొనే కొట్టుకి వెళ్ళి గొడవ కూడా పెట్టుకున్నాను. "ఏటండీ బాబూ, మీరు పట్టుకెళ్ళిన డబ్బాలోదే ఇంకో ఇద్దరికిచ్చాను, వాళ్ళకి వచ్చేశాయి కదా" అన్నాడాయన. పరువు పోయింది గానీ అప్పట్నుంచి ఓ అలవాటైంది. గుడ్లని తిట్టే ముందు అవి సీసాలో ఎక్కడున్నాయో చూస్తాను. అడుగున పేరుకున్నాయా, గోడకి అంటుకున్నాయా, పైన నురగలో ఇరుక్కున్నాయా? సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

నా లెక్క ఇది: రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి, మూత కిందికి వచ్చేలా తలకిందులుగా పెట్టి, ఎయిర్ పంపు ట్యూబు మూతదాకా దించుతాను. లీటరు నీళ్ళకి 25 గ్రాముల ఉప్పు, ఒక గ్రాము గుడ్లు, పక్కనే లైటు. నీళ్ళు 28 డిగ్రీల దగ్గరుంటే 24 గంటల్లో నారింజ రంగు చుక్కలు ఈదుతూ కనిపించాలి.

36 గంటలైనా ఒక్కటీ రాలేదు, అంతా అడుగున ఇటుక పొడిలా ఉంది

గాలి అడుగుదాకా అందట్లేదేమో చూడండి. ట్యూబు కాస్త పైకి లేచినా గుడ్లు మూతలో కుప్పపడతాయి, కుప్పపడితే వాటికి ఆక్సిజన్ అందదు. ట్యూబు చివర ఏదైనా బరువు కట్టి దించండి.

గుడ్లు బాగానే తిరుగుతున్నాయి, అయినా రాలేదంటే అప్పుడు చెమ్మని అనుమానించాలి. భోగాపురం, పూసపాటిరేగ వైపు రొయ్యల హేచరీల్లో డబ్బా తెరిస్తే వెంటనే వాడేస్తారు. మనకి మాత్రం తెరిచిన డబ్బాలోంచి పదీ ఇరవై గ్రాములు జిప్ కవర్లో తూచి ఇస్తారు, ఆ కవరు వానాకాలమంతా షెల్ఫులో ఉంటుంది. సముద్రం గాలి తగిలే ఊళ్ళలో ఇక చెప్పక్కర్లేదు. భూతద్దం ఉంటే ఓసారి చూడండి, భలే ఉంటుంది: పొడిగా ఉన్న గుడ్డు గాలి తీసిన బంతిలా ఓ పక్క సొట్టపడి ఉంటుంది, నీళ్ళలో వేసిన గంటా రెండు గంటల్లో గుండ్రంగా ఉబ్బుతుంది. కవర్లో ఉండగానే గుండ్రంగా ఉబ్బి ముద్దలు కట్టాయంటే ఆశ వదులుకోండి.

అనుమానం తీరాలంటే ఓ గాజు గ్లాసులో కొత్తగా తూచిన ఉప్పునీళ్ళు పోసి, చిటికెడు గుడ్లు వేసి, లైటు కింద పెట్టండి. గ్లాసులో వచ్చి సీసాలో రాకపోతే తప్పు సీసాది. రెండింటిలోనూ రాకపోతే గుడ్లవి. ఇకమీదట కొన్నవాటిని గాలి చొరని చిన్న సీసాలో, చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా పొట్లం వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీయగానే మూత తెరవకండి, సీసా గది వేడికి వచ్చాకే తెరవాలి. లేదంటే లోపల మంచు పట్టినట్టు చెమ్మ చేరి ఉన్నవీ పాడవుతాయి.

వచ్చాయి గానీ పావు వంతే

నీళ్ళకి పైన, సీసా గోడ మీద గోధుమరంగు గీత కనిపిస్తోందా? ఆ గీతంతా గుడ్లే. ఎయిర్ స్టోన్ (ట్యూబు చివర పెట్టే, సన్న బుడగలొచ్చే చిల్లుల రాయి) పెట్టినవాళ్ళకే ఇది ఎక్కువ, సన్న బుడగలు గుడ్లని పైకి ఎగదోసి గోడకి అంటిస్తాయి. స్టోన్ పీకేసి ఉత్త ట్యూబు వదలండి, పెద్ద బుడగలు రావాలి. మొదటి కొన్ని గంటల్లో రెండు మూడుసార్లు వేలితో ఆ గీతని నీళ్ళలోకి తుడిచేయండి.

గీత లేదంటే చలి. డిసెంబరు రాత్రుల్లో సీసా నీళ్ళు 20 డిగ్రీలకి దిగితే గుడ్లు బద్ధకంగా, ఒక్కోటి ఒక్కో టైముకి పగులుతాయి. నేను ఒక చలికాలమంతా తల బద్దలుకొట్టుకున్నాను, సెటప్పు అదే, గుడ్లు అవే. చివరికి చూస్తే ఇంట్లో పాత 40 వాట్ల బల్బు మాడిపోతే నాన్న దాని బదులు ఎల్‌ఈడీ పెట్టారు! వెలుగు అంతే ఉంది, వేడి పోయింది. ఇప్పుడు సీసాని బకెట్లో నిలబెట్టి, బకెట్ నీళ్ళలో అక్వేరియం హీటర్ 28 మీద పెడుతున్నాను. లైటు మాత్రం మానకండి, గుడ్లు నానిన తొలి గంటల్లో వెలుగు పడితేనే బాగా పగులుతాయి.

ఉప్పు సంగతి. అయోడిన్ ఉప్పు పనికిరాదని చాలామంది భయపెడతారు, నాకు దాంతోనూ వచ్చాయి. అసలు మోసం చెంచా కొలతలో ఉంది. మాకు టెక్కలి వైపు నుంచి నౌపడ కల్లుప్పు సంచి వస్తుంది. రాళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అదే చెంచాకి పొడి ఉప్పు కంటే తక్కువ తూగుతుంది. తూచుకోండి, చెంచాని నమ్మకండి. కుళాయి నీళ్ళైతే క్లోరిన్ పోవడానికి ఒక రాత్రి ఎయిర్ పెట్టి ఉంచండి. నీళ్ళ పీహెచ్ 8 కంటే తక్కువుంటే చిటికెడు వంటసోడా చాలు.

పైన నురగ, నీచు వాసన

గుడ్లు ఎక్కువ వేశారు. గుడ్డు పగిలినప్పుడు లోపలి గ్లిజరాల్ నీళ్ళలోకి వస్తుంది, బాక్టీరియాకి అది విందు భోజనం. గుడ్లు సగానికి తగ్గించండి, ప్రతి బ్యాచ్ తర్వాత సీసా బ్లీచింగ్ నీళ్ళతో కడిగి ఎండబెట్టండి. పాత నీళ్ళు మళ్ళీ వాడొద్దు.

రాత్రి ఈదాయి, పొద్దున్నకి చచ్చాయి

కరెంటు. గాలి ఆగితే కిక్కిరిసిన సీసాలో కొద్ది గంటలే బతుకుతాయి. 2018లో తిత్లీ తుఫానుకి శ్రీకాకుళం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఆర్టీమియా గురించి ఎవరూ ఏడవలేదనుకోండి, కానీ మామూలు కోతలకి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోవడం మంచిది. అది లేకపోతే సీసాలో ఉన్నవాటిని వెడల్పాటి పళ్ళెంలోకి పలచగా వంపండి.

చేపపిల్లల పొట్టలు ఉబ్బుతున్నాయి

ఆర్టీమియా గుడ్ల పెంకులు వాటి పొట్టల్లోకి వెళ్ళిపోతున్నాయి. గాలి ఆపి, సీసా పైభాగానికి నల్లగుడ్డ చుట్టి, కింద టార్చి పెట్టి పది నిమిషాలు ఆగండి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పగలని గుడ్లు అడుగుకి దిగుతాయి, పిల్లలు వెలుగు కోసం వాటి పైనే నారింజ పట్టీలా చేరతాయి. సన్న ట్యూబుతో ఆ పట్టీని మాత్రమే లాగి, మడతపెట్టిన పాత జేబురుమాల్లో వడకట్టి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి వేయండి. వేసింది పావుగంటలో అయిపోవాలి, ఎందుకంటే మంచినీళ్ళలో ఇవి కొన్ని గంటలకే చచ్చి అడుగున కుళ్ళుతాయి. గప్పీ పిల్లలు పుట్టినరోజే తింటాయి, గౌరామీ పిల్లల నోరు మరీ చిన్నది, వాటికి మొదటి రోజుల్లో ఇన్ఫ్యూసోరియానే (నీళ్ళలో పెరిగే, కంటికి ఆనని సూక్ష్మజీవులు) దిక్కు.

పగిలిన ఆరేడు గంటల్లోపే పెట్టేయండి, ఆ తర్వాత లోపలి పచ్చసొన కరిగి బలం తగ్గుతుంది. మిగిలితే ఉప్పునీళ్ళతో సహా పలచగా ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచొచ్చు. సీసా మీద పేరు మాత్రం పెద్దక్షరాలతో రాయండి, మా అమ్మ ఒకసారి నారింజ రసమనుకుని గ్లాసు కూడా తెచ్చుకుంది.