పెళ్లి డీవీడీ ఆగి ఆగి ఆడుతుంటే

అక్క పెళ్లి డీవీడీ కంప్యూటర్‌లో పెడితే సరిగ్గా తలంబ్రాల దగ్గరే బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోయేది. ప్లేయర్లు మూడు మార్చినా అదే తీరు. చివరికి డిస్కులో వీడియో ఫైళ్లుండే ‘వీడియో టీఎస్’ (VIDEO_TS) ఫోల్డరును మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేసి, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో మీడియా మెనూ నుంచి ఆ ఫోల్డరును తెరిచాను. ఆగకుండా ఆడింది. అంటే తడబడుతున్నది డిస్కును చదివే డ్రైవు. పాపం, ప్లేయర్లను ఊరికే తిట్టుకున్నాను. కాపీకి ముందుగా కంప్యూటర్‌లో 5 జీబీ ఖాళీ ఉందో లేదో చూసుకోండి, మామూలు డిస్కులో 4.7 జీబీ వరకు పడుతుంది.

మనుషులు కదిలినప్పుడు అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే అది వేరే సంగతి. వీఎల్‌సీ వీడియో మెనూలో, ఆ గీతలను పోగొట్టే ‘డీఇంటర్‌లేస్’ ఆన్ చేస్తే చాలు.

డిస్కు మీద లోతైన గాట్లు ఉంటే మాత్రం కాపీయే మధ్యలో ఆగిపోతుంది. మెత్తని పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి, వేరే డ్రైవులో పెట్టి చూడండి.